నాకిస్తానన్న ఒక్క ఘర్

మా మరిది మంచివాడని ఈ వీధిలో అందరూ అంటారు. అననివ్వండి. వాళ్ళెవరికీ వాడు ఇల్లు ఇస్తానని మాటివ్వలేదు.

నాకు ఇచ్చాడు. పెద్దమనిషి ముందు కూర్చుని, నవ్వుతూ ఇచ్చాడు. ఆ మాటలో మోసం ఎక్కడుందో తెలుసుకునేసరికి నా నెత్తి మీద పెంకులు కూడా లేవు. నాకు సంతకం వరకే రాయడం వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. వాడి గురించి నేనన్న కొన్ని మాటలు రాయనంటోంది. అవి ఎక్కడెక్కడ పోయాయో మీరే ఊహించుకోండి.

మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చినవాడు. రిటైరయ్యే ముందు పూరీ గేట్ అనే రైలు గేటు అవతల రెండు కట్టాల జాగా కొన్నాడు. కట్టా అంటే అక్కడి కొలత. రెండు కట్టాలంటే మన లెక్కలో మూడు సెంట్ల పైచిలుకు. అందులో మట్టిగోడలతో ఒక పెంకుటిల్లు వేశాడు. ఆయనకిద్దరు కొడుకులు. పెద్దవాడు మా ఆయన, రెండోవాడు ఈ మరిది. ఇద్దరికీ వర్క్‌షాపులోనే పని. మామగారూ అత్తగారూ పోయాక మరిది, వాడి పెళ్ళాం ఆ పెంకుటింట్లో ఉన్నారు. మాకు రైల్వే క్వార్టరు ఉంది కాబట్టి మేము ఆ జాగా వైపు చూడలేదు. చూడకపోతే పోయిందనుకుంటారని నాకేం తెలుసు.

ఎనభైల్లో ఒక వానాకాలం మా ఆయనకు జ్వరం పట్టుకుంది, వదల్లేదు. ఆసుపత్రి వరండాలో నిలబడి ఉంటే ఎవరో వచ్చి, "బాడీ ఎప్పుడు తీసుకెళ్తారు?" అని హిందీలో అడిగారు. పొద్దున దాకా పేరు పెట్టి పిలిచిన మనిషిని మధ్యాహ్నానికి బాడీ అన్నారు. ఆ మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. తర్వాత దాని అవసరం పడింది, అందుకే చెబుతున్నాను.

క్వార్టరు ఖాళీ చేయాలి. నేనూ, మా అమ్మాయీ, రెండు పెట్టెలూ, ఇడ్లీ పాత్రా, బొగ్గు పొయ్యీ ఒక రిక్షాలో పూరీ గేట్ దగ్గరికి వచ్చాం. పొయ్యి అంటే పాత బకెట్టుకి లోపల మట్టి మెత్తి చేసుకున్నది. బెంగాలీలు దాన్ని ఉనూన్ అంటారు. మా ఆయన ఉండగానే, పొద్దున షిఫ్టుకు వెళ్ళేవాళ్ళకు ఇడ్లీలు అమ్మేదాన్ని. ఇప్పుడు ఆ ఇడ్లీల మీదే బతకాలి. పొయ్యి ఉండాలి, వీధి వైపు ఒక వాకిలి ఉండాలి. నాకు ఇల్లంటే ఆ రెండే. మిగతా గోడలు ఎలా ఉన్నా ఫరవాలేదు.

రిక్షా దిగగానే తోడికోడలు ఎదురొచ్చింది.

"పొయ్యి బయట పెట్టేయ్ అక్కా. లోపల ఒకటి ఉంది కదేటి."

"నా ఇడ్లీలో?"

"ఇప్పుడు ఇడ్లీలేటక్కా, బావ పోయి నెల కాలేదు."

"నెల కాలేదని ఆకలి ఆగుతాదేటి?" అన్నాను. అలా మొదలైంది మా ఇద్దరికీ.

పెరట్లో జామచెట్టు కింద పొయ్యి పెట్టుకున్నాను. ముందు ఇల్లు అడ్డం, పొయ్యి వీధికి కనబడదు. కొనుక్కునేవాళ్ళు మరిది వాకిలి దాటి, నడవ దాటి రావాలి. వస్తే తోడికోడలు చీపురు పుచ్చుకుని నడవలోకి వచ్చేది. ఎవరొస్తారు? బొత్తిగా బేరం పడిపోయింది.

ఆ వానలకే పడమటి గోడ కూలింది. అప్పుడు మరిది పక్కా ఇల్లు కట్టేద్దామన్నాడు. నేను ఒప్పుకున్నాను. జాగాలో మా ఆయన సగం నాది, నా చేతి గాజులు ఇటుకలకు వెళ్ళాయి. మాట మాత్రం ముందే తేలాలన్నాను. సరే, దాదు దగ్గర కూర్చుందామన్నాడు.

దాదు అంటే పక్కింటి బెంగాలీ ముసలాయన. పేటలో తగువులన్నీ ఆయన వరండాలోనే తెగుతాయి. ఆయన వాలుకుర్చీలో మరమరాలు తింటూ విన్నాడు. మరిది బంగ్లాలో ఏమేమో చెప్పాడు. వాడు ఆ పేటలో ఏళ్ళుగా ఉన్నవాడు, బంగ్లా నీళ్ళలా మాట్లాడతాడు. నేను రైల్వే హద్దు లోపల బతికినదాన్ని. అక్కడ బిహారీలు, ఒడియావాళ్ళు, మనవాళ్ళు, అందరం హిందీలోనే తిట్టుకునేవాళ్ళం, హిందీలోనే సర్దుకునేవాళ్ళం. హద్దు దాటితే బంగ్లా. అర కిలోమీటరులో నేను చెవిటిదాన్ని అయ్యాను.

ఆఖరికి వాడు నా వైపు చెయ్యి చూపించి, "బౌదీకే ఎక్‌టా ఘొర్ దేబో" అన్నాడు.

బౌదీ అంటే వదిన. దేబో అంటే ఇస్తాను. ఘొర్ అంటే ఘర్. వాళ్ళ నోట్లో ఏ మాటైనా కాస్త గుండ్రంగా తిరుగుతుంది, అంతే అనుకున్నాను. వదినకి ఒక ఇల్లు ఇస్తాను. ఇంకేం కావాలి?

దాదు నన్నడిగాడు. "ఠీక్ హై," అన్నాను. మరిది నవ్వాడు. వాడు ఎందుకు నవ్వాడో ఆ రోజు నాకు అర్థం కాలేదు. మంచితనం అనుకున్నాను. నా కర్మ.

పెంకులు దింపేశారు. మట్టిగోడలు పడగొట్టారు. పెరటి మూల రేకులు వేసుకుని రెండు కుటుంబాలం ఉన్నాం. ఒకరోజు మరిది ఎవరి చేతో గీయించిన ప్లాను కాగితం తెచ్చి ఇటుకల మీద పరిచాడు.

"సూడు వదినా. ఇదీ ఈది. ఇదీ వాకిలి. ఇది నీది," అని వేలు పెట్టాడు.

"నాకేటి తెలుస్తాదయ్యా ఈ గీతల్లో?"

"తెలవాల్సిన పని నేదు. నాను ఉన్నాను కదేటి?"

తోడికోడలు పక్కన నిలబడి, "అక్కకి గీతలు తెలవ్వు గానీ ముగ్గులైతే తెలుస్తాయి," అని కిసుక్కున నవ్వింది. అది అన్నది నిజమే. వాడి వేలు లావు. నా భాగమంతా ఆ ఒక్క వేలి కిందే ఉందని కాగితం చూస్తే తెలియలేదు.

పునాదికి ముగ్గు పోసే రోజు వచ్చింది. నేలమీద సున్నంతో గోడలు ఎక్కడెక్కడ వస్తాయో గీతలు పోయడాన్ని మనం ముగ్గు పోయడం అంటాం. పొద్దున్నే తోడికోడలు వచ్చి, "అక్కా, నువ్వు పంతులు ఎల్లేదాకా దాదు ఇంటికాడ కూకో. ఏటనుకోకు. మంచి రోజు," అంది.

విధవ ఎదురు రాకూడదు. నా మొగుడి జాగాలో, నా గాజులతో కొన్న ఇటుకల మధ్య, నేను ఎదురు రాకూడదు. వెళ్ళి దాదు భార్య దగ్గర వంటింట్లో కూర్చున్నాను. ఆవిడను అందరూ ఠాకుమా అంటారు. కత్తిపీట మీద గుమ్మడికాయ తరుగుతోంది. గోడ అవతల కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినిపించింది. ఠాకుమా నా మొహం చూసి, ఇంకో కత్తిపీట నా ముందుకు తోసింది. ఇద్దరం కలిసి గుమ్మడికాయంతా తరిగేశాం.

పంతులు వెళ్ళాక వచ్చి చూశాను.

తోడికోడలు చెప్పింది నిజం. ముగ్గులైతే నాకు తెలుసు. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ మూసుకుంటుందో, ఎక్కడ దారి వదిలారో చూడగానే తెలుస్తుంది. వీధి వైపు ఒకటే దారి వదిలారు. అందులోంచి లోపలికి నడిచాను. పెద్ద చదరం, అది వాళ్ళ ముందుగది. కుడి పక్క ఇంకోటి, పడకగది. వెనక వంటిల్లు. ఆ వంటింట్లోంచి ఒక సందు, ఆ సందు చివర పాయఖానా, దానికి ఆనుకుని ఒక చిన్న చదరం. అందులోకి వెళ్ళాలంటే వాళ్ళ వంటిల్లు దాటాలి. ఇంకో దారి లేదు. పొయ్యికి చోటు లేదు. అందులో మంచం వేస్తే నేను మంచం ఎక్కాల్సిందే, నిలబడడానికి ఉండదు.

మా అమ్మాయి ఆ చదరంలో నిలబడి, "అమ్మా, ఇది ఎవరిదే?" అంది.

మరిది మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. అక్కడికే వెళ్ళి అడిగాను.

"ఇందుల నా ఇల్లేదయ్యా?"

"అదే వదినా, ఎనకాల. సెప్పినాను కదా."

"అది గది."

"గదే మరి. ఘర్ ఇస్తానన్నాను, ఇచ్చినాను."

"ఘర్ అంటే ఇల్లు. మా కాలనీల పాలు పోసే బిహారోడికీ తెలుసు."

"అది హిందీ వదినా. నాను దాదు ముందర మాటాడింది బంగ్లా. బంగ్లాల ఘొర్ అంటే గది. ఇల్లంటే బాడీ. నీకు బాడీ ఇస్తానన్నానేటి? అడుగు, దాదుని అడుగు."

బాడీ. ఆ మాట వాడు అనకుండా ఉండాల్సింది. నా నోరు ఆగలేదు.

"బాడీ నాకు ఆసుపత్రోల్లు ఇచ్చినార్లే. సాలు. నువ్వు ఇల్లు ఇయ్యి."

"ఓలమ్మా! ముగ్గు పోసిన సోట ఏటా మాటలు!" అని తోడికోడలు చెవులు మూసుకుంది.

"వదినకి ఇస్తానని మాటిచ్చినాడు కదే. ఉన్నది నానొక్కదాన్నే. నా ఇల్లు సూపించమను."

"ఒక ఇంట్లో రెండు పొయ్యిలు ఉండకూడదక్కా. పంతులు సెప్పినాడు."

"అందుకే రెండు ఇల్లు కట్టమంటన్నాను."

బెంగాలీ మేస్త్రీ మా తెలుగు అర్థంకాక తాడు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

నేను దాదు వరండాకి వెళ్ళాను. నాకొచ్చిన హిందీలో ఆయనకొచ్చిన హిందీకి చెప్పుకున్నాను. ఆయన విన్నాడు, మరమరాల గిన్నె కింద పెట్టాడు. మీ మరిది ఘొర్ అన్నాడు, నేను గది అనే విన్నాను, అబద్ధం చెప్పలేను అన్నాడు. పైగా, "తుమి తో ఠీక్ హై బోలేఛిలే, బౌమా," అన్నాడు. నువ్వే కదమ్మా సరేనన్నావు, అని. బౌమా అంటే కోడలు. కోడలా అని ప్రేమగా పిలుస్తూనే నా ఇల్లు తీసేశాడు ముసలాయన. ఆయన మీద కూడా నాకు కోపమే. ఒక ఆడది, చంటిది కాకపోయినా చిన్న పిల్లతో ఉన్నది, సగం జాగా వదిలేసి ఒక్క గదికి ఎందుకు తల ఊపిందని ఒక్కసారి అడగొచ్చు కదా. అడగలేదు.

ఠాకుమా లోపలి నుంచి వచ్చింది. చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఒకటే అడిగింది. "రాన్నా కోథాయ్ కోర్బే?" వంట ఎక్కడ చేసుకుంటావు?

"ఎక్కడా లేదు," అన్నాను.

అప్పుడు ఆవిడ దాదు వైపు తిరిగి దబాయించింది. సగం నాకు అర్థమైంది, మిగతా సగం ఆవిడ చేతులు చూసి తెలుసుకున్నాను. కాళీపూజకి ఖిచిడీ భోగం పంచేటప్పుడు ఈ పేటలో ఇంటింటికీ అడుగుతారు కదా, మీరెన్ని ఘొర్ అని. అప్పుడు గదులు లెక్కపెడతారా? వేరే పొయ్యి ఉంటే వేరే ఘొర్ అనే కదా గిన్నెలో పోస్తారు? మీ అన్న వేరు పోయినప్పుడు ఒకే ఇంట్లో ఉన్నా రెండు ఘొర్ అయ్యామా లేదా? దాదు ఏదో గొణిగాడు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. అంటే ఆ మాటకి వాళ్ళలోనే రెండర్థాలున్నాయి. గది ఒకటి, కుటుంబం ఒకటి. మా మరిది తనకు పనికొచ్చేది ఏరుకున్నాడు. నేను రెండోది ఏరుకున్నాను.

మర్నాడు తెల్లవారగానే బొగ్గు పొయ్యి మోసుకొచ్చి ముగ్గులో పెట్టాను. వెనక చదరంలో కాదు. వీధి అంచున, వాళ్ళ ముందుగది అనుకున్న చదరం నడిమధ్య. పిడకలు వేసి, బొగ్గులు పేర్చి, అంటించాను. పొగ వీధంతా కమ్ముకుంది. ఇడ్లీ పాత్ర ఎక్కించి, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి పచ్చడి గిన్నె ఇచ్చాను.

ఇప్పుడు నడవ లేదు, చీపురు లేదు. వర్క్‌షాపుకు సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు ఆగారు. మనవాళ్ళు ఆగారు, బెంగాలీలు ఆగారు. "తెలేంగీ బౌదీ, చట్నీ ఆరో దావ్," అని అరుస్తున్నారు, తెలుగు వదినా, ఇంకాస్త పచ్చడి వెయ్యి అని. సున్నపు గీతల మీదే నిలబడి తింటున్నారు.

మేస్త్రీ ఇద్దరు కూలీలతో, పారలతో వచ్చాడు. పొయ్యి తియ్యమన్నాడు. తియ్యనన్నాను. తింటావా అన్నాను. గొంతుకూర్చుని తిన్నాడు, కూలీలకీ పెట్టించాడు. చేతులు కడుక్కుని మరిదితో చెప్పేశాడు, మండుతున్న పొయ్యి కింద నేను పార వెయ్యను, మీరూ మీరూ తేల్చుకుని కబురు పెట్టండి, అని. వెళ్ళిపోయాడు.

మరిదికి అప్పుడు మంచితనం అయిపోయింది. ఇటుకలు తడిపే తొట్టెలోంచి బకెట్టు ముంచుకొచ్చి నా పొయ్యిలో కుమ్మరించాడు. ఆవిరి భగ్గుమని లేచింది. బూడిద ఇడ్లీల మీద పడింది, తింటున్నవాళ్ళ తెల్ల చొక్కాల మీద పడింది. మా అమ్మాయి కెవ్వుమంది.

"సిగ్గు నేదేటి నీకు? ఈదిలో నా పరువు తీసేత్తన్నావు!" అన్నాడు.

"నీ పరువు ఏ బాసలో ఉందో నాకు తెల్దు గానీ, ఇది నా పొయ్యి," అన్నాను.

బూడిద పడిన ఒక బెంగాలీ బాబు ఆఫీసుకు వెళ్ళేవాడు, మరిది మీదకు లేచాడు. ఆడమనిషి పొయ్యి మీద నీళ్ళు పోస్తావా, నువ్వు మనిషివేనా అని. వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. తోడికోడలు మొగుణ్ణి రెక్క పట్టుకుని రేకుల కిందికి లాగింది. నేను తడి బొగ్గులు తీసి పారేసి, మట్టి ఆరకుండానే మళ్ళీ పేర్చి మళ్ళీ అంటించాను. అంటుకోవడానికి చాలా సేపు పట్టింది. అందరూ అలాగే నిలబడి చూశారు. ఒక్కరూ కదల్లేదు.

అప్పుడు ఠాకుమా గేటు తీసుకుని వచ్చింది. చేతిలో గిన్నె. ఆవిడ బయటి తిండి ఇంట్లోకి రానివ్వదు. నా చేత నాలుగు ఇడ్లీలు వేయించుకుని, వరండాలోకి వెళ్ళి దాదు ముందు పెట్టింది. ఆయన వీధినంతా ఒకసారి చూశాడు, ఇడ్లీలను చూశాడు. ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. మరిదికి వినబడేలా గట్టిగా అన్నాడు. "దుయ్ ఘొర్."

రెండు కుటుంబాలు. ఆ పేటలో దాదు అన్నాక దాని మీద మాట లేదు.

మరిది ఒక్కసారిగా ఏమీ దిగి రాలేదు. మూతి ముడుచుకుని కొన్నాళ్ళు తిరిగాడు. నేను రోజూ పొద్దున అక్కడే పొయ్యి పెట్టాను. మేస్త్రీ సుభాష్‌పల్లిలో ఇంకో పని ఒప్పుకుంటున్నాడని కబురు రాగానే మెత్తబడ్డాడు. పాత ముగ్గు చెరిపేశారు. ఈసారి నన్ను ఎవరూ పక్కింటికి పొమ్మనలేదు. సున్నం తట్ట నేనే తీసుకున్నాను.

"విధవ సేత్తో పోసిన ముగ్గు మీద నాను పునాది తవ్వను," అన్నాడు మరిది.

"నీ గదులు నువ్వు పోసుకో. నడుమ గీత నాను పోస్తాను."

వీధి అంచు నుంచి వెనక ప్రహరీ దాకా వెనక్కి నడుస్తూ పోశాను. మేస్త్రీ తాడు పట్టి చూశాడు. దాని మీదే మేకులు కొట్టాడు.

నాకొచ్చిన ఇల్లు రైలు పెట్టెలా ఉంటుంది. ముందు అరుగు, దాని వెనక గది, దాని వెనక వంటిల్లు, దాని వెనక పెరడు. ఒకరు వస్తుంటే ఇంకొకరు పక్కకి ఒరగాలి. వాడు ఊరుకున్నాడా? తన పాయఖానా తెచ్చి సరిగ్గా నా వంటింటి గోడకు ఆనించి కట్టుకున్నాడు. ఈ రోజుకీ వాడు నీళ్ళ డబ్బా పెట్టిన చప్పుడు నా అన్నం గిన్నె దగ్గరికి వినిపిస్తుంది. వినిపించనివ్వండి. నేను కూడా రుబ్బురోలు ఆ గోడ పక్కనే వేయించాను, పొద్దున నాలుగింటికి మొదలుపెడతాను.

గృహప్రవేశం వాళ్ళది పందిరి వేసి జరిగింది. మమ్మల్ని పిలవలేదు. నేను ఆ రోజే అదే బొగ్గు పొయ్యి మీద పాలు పెట్టాను. విధవ పాలు పొంగించకూడదని వీధిలో మనవాళ్ళు కొందరు గుసగుసలాడారు. పాలకి ఆ సంగతి తెలియలేదు, పొంగాయి.

తొంభైల్లో, మా అమ్మాయి పెద్దదయ్యాక, మరిది ఒకరోజు పొద్దున్నే నా అరుగు దగ్గరికి వచ్చాడు. ఏళ్ళ తర్వాత రావడం. తల నెరిసింది. ఇడ్లీ ఇమ్మన్నాడు, ఇచ్చాను. అందరి దగ్గర తీసుకున్నట్టే వాడి దగ్గరా డబ్బులు తీసుకున్నాను. తిని, చేతులు కడుక్కుని, గోడ వైపు చూశాడు.

"వదినా, పిల్లలు పెద్దోలైపోనారు. పైన ఇంకో ఘర్ ఏసుకుందామనుకుంతన్నాను. నడుమ గోడ మీద దూలం ఆనించాల. నువ్వు ఊ అంటే మేస్త్రీని పిలుస్తాను."

నేను గరిటె కింద పెట్టాను.

"ఘర్ అంటే?"

"అదే వదినా, ఘర్."

"ఏ బాసలో?"

వెనక క్యూలో ఉన్న బెంగాలీ కుర్రాళ్ళకు ఏమీ అర్థం కాలేదు గానీ, మా అమ్మాయి పచ్చడి గిన్నె పట్టుకునే నవ్వింది.

"గది," అన్నాడు చివరికి. తెలుగులో అన్నాడు.

"ఆలోచిస్తాను," అన్నాను. ఠీక్ హై అనలేదు. ఆ మాట నేను మానేశాను.

ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. వాడి వైపు డాబా మీద అప్పుడు లేపిన ఇనుప చువ్వలు అలాగే నిలబడి ఉన్నాయి. వాన పడితే తుప్పు నీళ్ళు కారతాయి. నా అరుగు మీద పడవు. నడుమ గీత నేను పోసిందే కదా, ఏ చుక్క ఎటు పడాలో నాకు తెలుసు.